ఏకాంబరం రిజిస్టరు

రాయవేలూరు దండులో దొర దగ్గర
పెట్టె మోసి, ప్లేట్లు కడిగి,
ఆరేండ్లకు దొర సీమకు పోతా పోతా ఇచ్చిన
పాత కెమెరాతో
తిరుపతిలో రైలు దిగినాడంట ఏకాంబరం.
నేనప్పటికి పుట్టలేదు.

మొదట దొరికిన పని చిత్తూరు జైలుది.
ఖైదీకి రెండు: ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి.
"వాళ్ళే మేలురా,
కదలమన్నా కదలరు" అనేవాడు.
తర్వాత తాసిల్దార్లు,
తెరిచిన పుస్తకంలో వేలు పెట్టి ఎటో చూసే ప్లీడర్లు,
ఒక జమీందారు, ఆయన కుక్క.
కుక్క బాగా వచ్చింది.

నన్ను పనిలో పెట్టుకున్నది యాత్రికుల కాలంలో.
కొండ దిగి, నున్నటి గుండ్లతో, వడల మూటలతో
గోవిందరాజుల గుడి వీధిలో
మా అద్దాల కొట్టం ముందర నిలబడేవాళ్ళు.
లోపల తెర మీద సీమతోట.
ఆ కొమ్మ మీద పిట్ట ఏం పిట్టో
గీసినోడికీ తెలియదు.
మెడ వెనక ఇనుప కొంకి తగిలించి
నల్లగుడ్డలో దూరితే
ఆయన లెక్కపెట్టేది అంకెలు కాదు.
ఎండకు ఒక గోవింద,
మబ్బుకు మూడు,
ఆషాఢం సాయంత్రాలకు ఏడు, నిదానంగా.
ముందర కూర్చున్నోళ్ళు గూడా
అలవాటు కొద్దీ గోవిందా అనేసేవాళ్ళు.
నోరు చెదిరిన ప్లేట్లు ఎన్నో!

రిజిస్టరులో నంబరు, ఊరు, మనిషి, ఎన్ని గోవిందలు.
పటాలు పోస్టులో పోయేవి.
కొన్ని తిరిగొచ్చేవి,
అట్లాంటి ఊరే లేదని రాసుకొని.

పసుపు నల్లగా వస్తాది పటంలో.
కుంకుమ ఇంకా నలుపు.
అందుకే ఆడోళ్ళకు చెంబు నీళ్ళు, సున్నిపిండి
ఇచ్చేది నా పని.
పలమనేరు పక్క ఒకామె చెంబు తోసేసింది.
"ఆయప్ప బతికుండంగానే
మొహం కడుక్కోమంటావా?"
ఆయప్ప పక్కనే ఉండాడు, గుండు మీద గంధంతో.
నోరెత్తలేదు.
సరేలేమ్మా అన్నాడు ఏకాంబరం.
మూడు గోవిందలు.

ప్లేటు తేలితే
ఆమె మొహం ఉండాల్సిన చోట వట్టి గాజు.
ఆ రాత్రి చిమ్నీ ముందర దాన్ని నిలబెట్టి
సూదిలాగా చెక్కిన పెన్సిలుతో
గీత పక్కన గీత, చుక్క పక్కన చుక్క.
ప్లేటు మీద నలుపు పెడితేనే
కాగితం మీద వెలుతురు;
మా పనిలో అన్నీ తలకిందులే.
తెల్లారి అచ్చు తీస్తే
ఆమె, ఆమె మాదిరే ఉండాది.
కూలి మామూలే, రూపాయి పావలా.
మిగిలిన పెన్సిలు నాకిచ్చేసినాడు,
గోరంత ముక్క.

ఫిల్ము చుట్టలొచ్చినాయి.
అలిపిరి కాడ పిల్లోళ్ళు
చంకన డబ్బాలేసుకొని తిరగబట్టినారు.
ఏకాంబరం కండ్లలో పొర దిగింది.
పటాలు కట్టే చెంగల్రాయ శెట్టి వచ్చి
సామి పటాలకు గాజు కావాలన్నాడు,
డజను ఆరణాలు.

సోడా కలిపి నీళ్ళు కాచినాను.
మొహాలు ఊడొచ్చినాయి
పాల మీద మీగడ మాదిరి,
ముడతలు పడి, తేలి, ఒకదానికొకటి అంటుకొని.
మూడు దినాలు కాలవలో పోసినాను,
ఖైదీలను, ప్లీడర్లను, కుక్కను.
పలమనేరామె ఏ కుండలో పోయిందో చూడలేదు.
ఏకాంబరం అరుగు మీద కూర్చొని
చప్పుళ్ళు విన్నాడు.
"పగలగొట్టబాకరా" అన్నాడు.
అంతే అన్నాడు.

వజ్రపు మొనతో మూలన గీసిన నంబర్లు మాత్రం
సోడాకు పోవు.

మొన్న చంద్రగిరిలో ఒకరింటికి భోజనానికి పోయినాను.
నట్టింట్లో సామి పటం, కింద దీపం.
పాదాల కాడ, గాజులో, తిరగబడి
2114.
అందరూ దండం పెడతా ఉంటే
నేనూ పెట్టినాను.

ఇంటికొచ్చి, చెదలు తినంగా మిగిలిన
రిజిస్టరు తీసినాను.
ఆయన చేతిరాత, వాలుగా:

భాకరాపేట. మగబిడ్డ, మూడేండ్లు, తొలి గుండు.
గోవిందలు రెండు.
కదిలినాడు.
దుడ్లు తీసుకోలేదు.